తలుపు తప్పుకు మనిషి సంతకం

తలుపు తెరుచుకోకపోతే ముందు మనిషిని తిడతారు. ఇది నేను నలభై ఏళ్ళకు పైగా చూస్తున్నాను. గడియ బిగుసుకుంటే పనిమనిషి సరిగ్గా వెయ్యలేదంటారు. తాళం తిరగకపోతే వాచ్‌మన్ మొరటుగా తిప్పాడంటారు. ఇప్పుడు కరెంటు తాళాలు వచ్చాయి, బటన్ నొక్కితే వదులుతాయి. అవి వదలకపోతే బటన్ దగ్గర కూర్చున్న ఆడపిల్లను తిడుతున్నారు. చెక్కా ఇనుమూ రాగితీగా కూడా తప్పు చేస్తాయని ఒప్పుకోవడానికి పెద్ద చదువులు చదివినవాళ్ళకు ఎందుకింత కష్టమో, నాకు ఈ వయసులో కూడా అర్థం కాలేదు.

నేను చదువుకున్నవాణ్ణి కాదు, ఆ మాట ముందే చెప్పేస్తాను. మా నాన్న దూదేకేవాడు. విల్లు భుజాన వేసుకుని సత్తెనపల్లి చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, ఎవరి అరుగు మీద చోటిస్తే అక్కడ కూర్చుని, పాత పరుపుల్లో గడ్డకట్టిన పత్తిని విడదీసి మళ్ళీ కుట్టి ఇచ్చేవాడు. మిషన్లు వచ్చి ఆ పని పోయింది. నన్ను గుంటూరులో ఒక వడ్రంగి దగ్గర పెట్టారు. తలుపులు బిగించడంతో మొదలుపెట్టి, తాళాలకు వచ్చి, ఆఫీసులు పెరిగాక ఈ కరెంటు స్ట్రైకులకు వచ్చాను.

స్ట్రైకు అంటే ఏదో బ్రహ్మవిద్య అనుకుంటారు. ఏమీ లేదు. తలుపుకు గడియ ఉంటుంది. దాని నాలుక ద్వారబంధంలో ఒక గుంటలోకి వెళ్ళి కూర్చుంటుంది. మామూలు తలుపుకు ఆ గుంట కదలదు, నాలుకే వెనక్కి రావాలి. స్ట్రైకులో ఆ గుంటకు ఒక పక్క అంచు కదులుతుంది. బటన్ నొక్కగానే లోపలి కాయిల్ ఒక చిన్న ఇనుప ముక్కను పక్కకు లాగుతుంది, అంచు వదులవుతుంది, నాలుక దాన్ని తోసుకుని బయటికి వస్తుంది. తలుపు తీసేది కరెంటు కాదు, మనిషే. కరెంటు అడ్డు తప్పిస్తుంది, అంతవరకే దాని పని. ఆ చిన్న ముక్క బలమెంత? నా చిటికెన వేలంత కూడా ఉండదు. ఆ అంచు మీద తలుపు బరువు పడి ఉంటే అది లాగలేదు, గొణుగుతూ ఉండిపోతుంది. ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే నేను చెప్పబోయే గొడవ జరిగేదే కాదు.

నాకు కూడా ఇవన్నీ కష్టపడితేనే తెలిశాయి. నలభై ఆరేళ్ళ వయసులో మంగళగిరి దగ్గర ఒక కొత్త ఆఫీసులో స్ట్రైకును కాల్చేశాను. పన్నెండు వోల్టుల స్ట్రైకుకు ఇరవై నాలుగు వోల్టుల కరెంటిచ్చే పెట్టె తగిలించాను. రెండింటి మీదా రాసే ఉంది. అప్పుడు నాకు చదవడం రాదు. టేపు మీద అంకెలు తెలుసు గానీ, అన్ని రాతల మధ్య ఏ అంకె దేనిదో తెలియదు. సైజు చూసి, తీగ రంగు చూసి తగిలించాను. అక్కడివాళ్ళు సరదాగా బటన్ నొక్కి పట్టుకున్నారు. కాసేపటికి ద్వారబంధంలోంచి కాలిన వాసన వచ్చింది.

"పెద్దాయనా, దీని మీద రాసి ఉందిగా, చూడలేదా?" అని అడిగాడు అక్కడి ఇంజనీరు.

"చూశానండి" అన్నాను. అబద్ధం కాదు, చూశాను.

ఆ రోజు ఇంటికి వెళ్ళి మా ఆవిడను అడిగాను, నాకు అక్షరాలు నేర్పమని. ఆమె ఐదో తరగతి చదివింది.

"ఇప్పుడా? మీసం నెరిశాకా?" అంది.

"మీసంతో చదవను కదే."

"నోటితో చదవాలన్నా ముందు నోరు మూసుకుని వినాలి. అది నీవల్ల అవుతుందా?"

అయింది. ఒక టేకు చెక్క మీద, గుర్తులు పెట్టుకునే నా పెన్సిలుతోనే నేర్పింది. తప్పు రాస్తే చిత్రిక పట్టించి, మళ్ళీ మొదటి నుంచి రాయించేది. ఏడాది తిరిగేసరికి ఆ చెక్క సగం పలచబడింది. తెలుగు వచ్చాక, డబ్బాల మీద రాసే ఇంగ్లీషు అక్షరాలూ, ఏ అంకె దేనిదో గుర్తుపట్టడం నేర్చుకున్నాను. ఇప్పటికీ మెల్లగానే చదువుతాను, పెదవులు కదుపుతూ. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. అప్పటి నుంచి ఇంకో స్ట్రైకు కాల్చలేదు.

ఎన్ని చోట్ల ఎన్ని చూశానో. సింగరాయకొండ అవతల సముద్రం గాలి తగిలే ఒక ఆఫీసులో స్ట్రైకు లోపలంతా తుప్పు పట్టి అంచు కదలడం మానేసింది. వాచ్‌మన్ తలుపును దబాలున వేస్తున్నాడని అతన్ని మార్చేశారు. కొత్త వాచ్‌మన్ వచ్చాడు, తుప్పు మాత్రం అక్కడే ఉంది. ఇంకోచోట పై బందు స్క్రూలు వదులై తలుపు కిందికి జారింది, నాలుక గుంటకు అందక కింద ఇనుము మీద గీసుకుంటోంది. ఆ గీత కళ్ళకు కనబడుతూనే ఉంది. దాన్ని ఒక్కరూ చూడలేదు, తలుపు సరిగ్గా లాగి వెయ్యలేదని ఊడ్చే ఆమెను నెల రోజులు తిట్టారు. వంగి చూడాలంటే నడుం నొప్పి, తిట్టాలంటే ఏ నొప్పీ లేదు.

ఇక అసలు సంగతి.

గుంటూరు నుంచి సత్తెనపల్లి వెళ్ళే దారిలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, పెట్టే పెద్ద గదులు వెనక ఉంటాయి. ముందు ఆఫీసు. ఆఫీసు హాల్లోంచి శాంపిల్ గదికి ఒక తలుపు. వచ్చిన సరుకులోంచి కాసిని కాయలు తెచ్చి ఆ గదిలో బల్లల మీద పోసి, రంగూ తేమా చూస్తారు, రంగు పోయిన తాలు కాయలు వేరు చేస్తారు. మూడేళ్ళ కిందట ఆ తలుపుకు స్ట్రైకు బిగించింది నేనే. హాల్లో బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి బటన్ నొక్కితే బయటివాళ్ళు లోపలికి వెళ్ళగలరు. లోపలివాళ్ళకు బటన్‌తో పని లేదు, తలుపుకు లోపలి వైపు పిడి పెట్టాను. తిప్పితే నాలుక వెనక్కి వస్తుంది, తలుపు హాలు వైపు తోసుకుని వచ్చెయ్యొచ్చు. లోపలున్న మనిషి బయటికి రావడానికి ఇంకొకరి అనుమతి ఉండకూడదు. ఇది నా నియమం. కరెంటు పోతే పోనీ, పిడి పనిచేస్తుంది.

మొన్నటి మిరప కాలంలో ఒక రోజు పొద్దున్నే ఆ అమ్మాయి ఫోన్ చేసింది. మనిషి తెలుసు. పాతికేళ్ళుంటాయి, నెమ్మదిగా మాట్లాడుతుంది, నేను పనికి వెళ్ళినప్పుడల్లా మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేది.

"తాతా, ఒకసారి రావాలి మీరు. తలుపు బాగుచెయ్యడానికి కాదు. నేను బటన్ నొక్కానని చెప్పడానికి."

"నువ్వు నొక్కినప్పుడు నేను లేనుగా అమ్మా."

"తలుపును చూస్తే మీకు తెలుస్తుందిగా."

విషయం చెప్పింది. ముందు రోజు వేరే రాష్ట్రం నుంచి సరుకు కొనడానికి ఒకాయన వచ్చాడు. శాంపిల్ గదిలో పనిచేసేవాళ్ళు అన్నానికి వెళ్ళిన వేళ, ఆయన ఒక్కడే లోపలికి వెళ్ళాడు, తలుపు పడింది. చూడటం అయ్యాక తలుపు కొట్టాడు. ఈ అమ్మాయి బటన్ నొక్కింది. తలుపు రాలేదు. మళ్ళీ నొక్కింది, రాలేదు. లోపల అప్పుడే పోసిన కాయల ఘాటు. ఆయనకు పొరబోయి దగ్గు మొదలైంది, తలుపును గుద్దడం మొదలుపెట్టాడు. హాల్లో ఉన్న నలుగురూ పరుగెత్తుకొచ్చి తలుపు పట్టుకుని లాగారు. లోపల ఆయన తోస్తున్నాడు, బయట వీళ్ళు లాగుతున్నారు, ఈ అమ్మాయి బటన్ మీద వేలు తియ్యలేదు. పావుగంట. చివరికి ఆయన ఓపిక అయిపోయి తోయడం మానేసి కింద కూలబడ్డాడు. వీళ్ళు కూడా చేతులు నొప్పెట్టి వదిలేశారు. అప్పుడు వచ్చింది తలుపు.

కళ్ళూ ముక్కూ కారుతూ బయటికొచ్చిన ఆయన యజమానికి ఫోన్ చేసి అరిచాడు. యజమాని మేనేజరు మీద అరిచాడు. మేనేజరు అరవడానికి ఈ అమ్మాయి దొరికింది.

"ఫోన్ చూసుకుంటూ నొక్కలేదని రాయించారు తాతా. సాయంత్రం లోపల సంతకం పెట్టాలంట. పెడితే రేపటి నుంచి రావొద్దంటారు. పెట్టకపోయినా రావొద్దంటారు. పెట్టి పోతే ఇంకోచోట ఎవరిస్తారు నాకు పని?"

"పిడి ఉందిగా అమ్మా లోపల? ఆయన తిప్పుకోలేదా?"

"పిడి యాడుంది తాతా. సంక్రాంతి అయ్యాక తీసేయించారుగా. లాక్కోడానికి ఒక కడ్డీ ఉంది, అంతే. అది తిరగదు."

నాకు అక్కడే ఒళ్ళు మండింది. చొక్కా కూడా మార్చుకోకుండా సంచీ తీసుకుని బస్సెక్కాను.

మేనేజరు చదువుకున్నవాడు, మర్యాదగా మాట్లాడతాడు. ఆ మర్యాదే నాకు పడదు.

"సాయిబు గారూ, మిమ్మల్ని ఎవరు పిలిచారండీ? టెక్నీషియన్‌కి చెప్పాం, వస్తాడు."

"నేను బిగించిన తలుపండి. ఒకరు పిలవాలా?"

"మొరాయిస్తోందంటే స్ట్రైకు ఇప్పటికి రెండు సార్లు మార్పించాం. ఇందులో లోపం ఏం లేదు. లోపమంతా అదుగో, ఆ కుర్చీలో ఉంది."

ఆ అమ్మాయి వింటూనే ఉంది. ఆయన గొంతు తగ్గించలేదు.

"పిడి ఎందుకు తీయించారు?"

"శాంపిల్ గదిలో పనిచేసే ఆడవాళ్ళు ఎప్పుడు పడితే అప్పుడు బయటికి వెళ్తున్నారు సాయిబు గారూ. కొంగులో కాయలు కట్టుకుని పోతున్నారు. ఇప్పుడైతే ఈ అమ్మాయి చూసి, నొక్కితేనే బయటికి."

నాలుగు మిరపకాయల కోసం మనుషులను గదిలో పెట్టి తాళం వేశారు. ఆ తాళం నేను బిగించింది. కరెంటు పోతే ఈ రకం స్ట్రైకు మూసుకునే ఉంటుంది. కరెంటు పోగానే వదిలేసే రకం వేరే ఉంది, నేను అది పెట్టలేదు. పిడి ఉంటుందన్న ధైర్యంతోనే ఇది పెట్టాను. మిరపకాయలున్న గదిలో, ఎండాకాలం ముంగిట, కరెంటు పోయి లోపల ఆరుగురు ఆడవాళ్ళు చిక్కుకుంటే? ఆయనకు ఆ ఆలోచనే రాలేదు. వచ్చిన ఆలోచన కొంగుల గురించి. లోపలున్న ఆడవాళ్ళను బయటికి పిలిచి, పని మొదలుపెట్టాను. కోపంలో నా చేతులు బాగా పనిచేస్తాయి.

ముందు చెవితో వినాలి. అమ్మాయిని నొక్కమన్నాను. జుర్రుమంది. చప్పుడు వచ్చిందంటే బటన్ బాగుంది, తీగ తెగలేదు, కరెంటు వస్తోంది. చప్పుడే లేకపోతే అప్పుడు బటన్ నుంచి పెట్టె దాకా వెతుక్కుంటూ పోవాలి. తర్వాత స్ట్రైకు స్క్రూలు తీసి, తీగల దగ్గర మీటరు పెట్టి, మళ్ళీ నొక్కమన్నాను. కొన్ని చోట్ల పెట్టె దగ్గర పన్నెండు ఉంటుంది, సన్నటి తీగ మీద అంత దూరం వచ్చేసరికి తొమ్మిదికి పడిపోతుంది. అందుకే నొక్కి ఉన్నప్పుడే, చివర్లోనే చూడాలి. ఇక్కడ పన్నెండుకు కాస్త తక్కువ. చాలు. గుంటలో మిరప గింజలూ ఎర్రటి దుమ్మూ ఉన్నాయి, కుంచెతో దులిపాను. నూనె వెయ్యలేదు. ఈ దుమ్ములో నూనె వేస్తే ముద్దయి కూర్చుంటుంది. స్ట్రైకు మళ్ళీ బిగించి, తలుపు తెరిచి ఉంచే, అమ్మాయిని నొక్కమని, అంచును వేలితో తోశాను. వెన్నలా కదిలింది.

కరెంటు తప్పు కాదు, స్ట్రైకు తప్పు కాదు. రెండు సార్లు మార్చి పారేసిన స్ట్రైకులది కూడా తప్పు కాదు. ఆ టెక్నీషియన్ ఒక్కసారి కూడా తలుపు వేసి చూసి ఉండడు.

నేను తలుపు వేశాను. నొక్కమన్నాను. జుర్రుమంది, లాగితే రాలేదు. ఈసారి ఆమె నొక్కుతుండగా తలుపును లాగకుండా, ముందు అరచేత్తో లోపలి వైపుకు అదిమాను. టక్కున వదిలింది, అప్పుడు లాగితే వచ్చేసింది. తెలిసిపోయింది. ఏదో తలుపును లోపలి నుంచి బయటికి నెడుతోంది. ఆ నెట్టుడుకు నాలుక వెళ్ళి అంచు మీద బిగుసుకుని కూర్చుంటోంది. దాని మీద లోపలివాడు తోస్తే, బయటివాళ్ళు లాగితే, ఇంకా బిగుస్తుంది. నిన్న జరిగింది అదే. ఎవరూ ముట్టుకోకుండా ఉంటే ఎప్పుడో ఒకప్పుడు వదులుతుంది.

నెడుతున్నది ఏమిటా అని ద్వారబంధం గాడిలోకి వంగి చూశాను. తలుపు వచ్చి ఆనే చోట, పై నుంచి కింది దాకా, నల్లటి స్పాంజి పట్టీ.

దాన్ని అంటించింది నేను.

ఆ సీజన్లో కాయలు రావడం మొదలైన కొత్తలో మేనేజరు ఫోన్ చేశాడు. ఘాటు హాల్లోకి వచ్చి తుమ్ములతో చచ్చిపోతున్నాం, ఏదన్నా చెయ్యండి అన్నాడు. అప్పటికి పిడి ఇంకా ఉంది. ఈ ప్రాంతంలో పుట్టినవాళ్ళకు ఘాటు వస్తోందంటే చేతులు వాటంతట అవే సందులు మూస్తాయి. పక్కింటి కల్లంలో కాయలు తిరగేస్తుంటే మా అమ్మ గోనె సంచి తడిపి తలుపు కింద దూర్చేది, కిటికీ సందుల్లో పాత చీర ముక్కలు కుక్కేది. ఘాటు ఆగిందా లేదా అనే చూసుకుంటాం, తలుపు సంగతి ఎవరు చూస్తారు? నేనూ అంతే చేశాను. కాస్త మందంగా ఉన్న పట్టీ తెచ్చి, గాడి పొడుగునా అంటించి, తలుపు వేసి ముక్కు పెట్టి చూశాను. ఘాటు రాలేదు. భేష్ అనుకుని వచ్చేశాను. బటన్ నొక్కి చూడలేదు. ఇన్నేళ్ళ పనివాణ్ణి, ఒక్కసారి బటన్ నొక్కమని అడగలేదు.

ఆ తర్వాత నేను చేసింది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను. మేనేజరు తన గదిలో ఫోన్ మాట్లాడుతున్నాడు. నేను గబగబా పట్టీ పీకేసి చుట్ట చుట్టి సంచీలో వేసుకున్నాను. తలుపు వేసి, అమ్మాయిని నొక్కమని, లాగాను. ఒకసారి, రెండు సార్లు, పది సార్లు. పదిసార్లూ వచ్చింది. దుమ్ము చేరిందండీ, దులిపాను అని చెప్పి వెళ్ళిపోదామనుకున్నాను. తలుపు బాగైతే అమ్మాయి సంగతి కూడా దానంతట అదే సర్దుకుంటుందని నాకు నేనే చెప్పుకున్నాను.

మేనేజరు వచ్చాడు. తనే తలుపు వేసి, నొక్కమని, లాగి చూశాడు. వచ్చింది. లోపలికి వెళ్ళి తోసి చూశాడు. వచ్చింది.

"చూశారా సాయిబు గారూ" అన్నాడు. "ఎవరు నొక్కినా వస్తోంది. పది సార్లు నొక్కితే పది సార్లూ వస్తోంది. నిన్న మాత్రం రాలేదంట. ఏమ్మా, ఇప్పుడేమంటావు?"

ఆ అమ్మాయి నా వైపు చూసింది. ముందున్న కాగితం దగ్గరికి లాక్కుని, పెన్ను మూత తీసింది.

నేను ఆ కాగితం తీసుకున్నాను. "సాయిబు గారూ, అది ఆఫీసు కాగితం" అని మేనేజరు అంటూనే ఉన్నాడు. కంప్యూటర్లో కొట్టిన తెలుగు. పెదవులు కదుపుతూ చదివాను. నా అజాగ్రత్త వల్ల, అని మొదలైంది. విధి నిర్వహణలో ఫోన్ చూస్తూ ఉండటం వల్ల, అని ఉంది. దీనికి పూర్తి బాధ్యత నాదే, అని అయిపోయింది. ఆ మూడు ముక్కల్లో ఆఖరిది నాకు సరిపోతుంది.

"సార్, దుమ్ము కాదు" అన్నాను.

"దుమ్మేంటి?"

నేను దుమ్మని ఇంకా పైకి అననే లేదని అప్పుడు గుర్తొచ్చింది. సంచీలోంచి పట్టీ తీసి బల్ల మీద పెట్టాను. "ఇది నేను అంటించాను. ఇదే నెడుతోంది తలుపును. ఇప్పుడే పీకాను. అందుకే వస్తోంది."

ఆయన పట్టీని వేలితో నొక్కి చూసి నవ్వాడు. "ఈ స్పాంజి ముక్కా? ఇంత లావు తలుపును? ఆ అమ్మాయి మీద జాలితో చెప్తున్నారు మీరు."

నా మాట నమ్మకపోతే నమ్మకపోయాడు. జాలి అనడం నాకు నచ్చలేదు. పట్టీని మళ్ళీ గాడిలో పెట్టి, జిగురు పోయింది కాబట్టి చిన్న మేకులు కొట్టి నిలబెట్టాను. "లోపలికి వెళ్ళండి సార్" అన్నాను. "ఒక్క నిమిషం."

వెళ్ళాడు. తలుపు తోసి వేశాను.

"అమ్మా, నొక్కు."

జుర్రుమంది. లోపల నుంచి ఆయన తోశాడు. రాలేదు.

"నొక్కమనండి" అన్నాడు లోపల నుంచి.

"నొక్కుతూనే ఉందండి. చప్పుడు వినబడట్లా?"

"గట్టిగా నొక్కమనండి."

"గట్టిగా నొక్కితే ఎక్కువ కరెంటు రాదు సార్. మీరు గట్టిగా తొయ్యండి."

తోశాడు. భుజంతో తోసినట్టున్నాడు, తలుపు అదిరింది. తోసినకొద్దీ నాలుక బిగుస్తుంది, ఆ సంగతి ఆయనకు తెలియదు. రెండు తుమ్ములు వినబడ్డాయి. తర్వాత దగ్గు. హాల్లో గుమాస్తాలిద్దరు లేచి నిలబడ్డారు, ఒకతను వచ్చి తలుపు లాగబోయాడు.

"నువ్వు ముట్టుకోకురా బాబూ. నిన్న మీరంతా లాగబట్టే పావుగంట పట్టింది."

"సాయిబు గారూ, తియ్యండి, తియ్యండి" అంటున్నాడు లోపల. గొంతులో మర్యాద పోయింది. ఆ అమ్మాయి లేచి నిలబడింది, వేలు మాత్రం బటన్ మీదే ఉంది. "తాతా, ఆయనకు పొరబోతోంది. చాలు" అంది. నేనైతే ఇంకాసేపు ఉంచేవాణ్ణి.

"సార్, తోయడం ఆపండి" అన్నాను. "ఆ కడ్డీ పట్టుకుని తలుపును మీ వైపుకు లాక్కోండి. లాక్కున్నారా? ఇప్పుడు మెల్లగా వదిలి తొయ్యండి."

టక్కుమంది. బయటికి వచ్చాడు. కళ్ళ నిండా నీళ్ళు. అవి మిరప నీళ్ళే, ఇంకేం కాదు. ఆ అమ్మాయే మంచినీళ్ళ గ్లాసు అందించింది. తీసుకుని తాగాడు, ఆమె వైపు చూడలేదు.

కాసేపటికి గొంతు సర్దుకుని, "సరే, అర్థమైంది" అన్నాడు. "ఆ పట్టీ తీసెయ్యండి. పలచటిది వేద్దాం. కానీ సాయిబు గారూ, పైవాళ్ళు కాగితం అడిగారు. ఎవరిదో ఒకరి సంతకం ఉండాలి దాని మీద."

అంటే ఆ అమ్మాయి తప్పు కాదని తెలిసింది, అయినా సంతకం కావాలి. నాకు కోపం వచ్చిందంటే అది చిన్న మాట.

"నాది పెడతాను."

"మీరు మా ఉద్యోగి కాదుగా."

"తలుపు కూడా మీ ఉద్యోగి కాదండి. అయినా ఆపింది కదా మనిషిని. తెల్ల కాగితం ఇవ్వండి."

ఆ అమ్మాయి బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మీరు చెప్పండి తాతా, నేను రాసి పెడతా" అంది.

"నువ్వు రాస్తే నువ్వే అల్లుకున్నావంటారు. నా రాత చూసినవాళ్ళు ఎవరూ నీదనుకోరులే."

అరగంట పట్టింది. నా జీవితంలో నేను పని కాగితం రాయడం అదే మొదలు. బిల్లు మీద సంతకం పెట్టడం వేరు, జరిగింది జరిగినట్టు రాయడం వేరు. ఒత్తుల దగ్గర ఆగాను, రెండు చోట్ల కొట్టేసి మళ్ళీ రాశాను. ఇలా రాశాను:

"ఘాటు రాకుండా ఈ తలుపుకు స్పాంజి పట్టీ అంటించింది నేను. అంటించాక బటన్ నొక్కి చూడలేదు. పట్టీ మందం ఎక్కువై తలుపును నెట్టింది. అందుకని బటన్ నొక్కినా స్ట్రైకు వదల్లేదు. లోపలి పిడి తీసేయించారు కాబట్టి మనిషి బయటికి రాలేకపోయాడు. పిడి తీయించింది నేను కాదు, బటన్ దగ్గరి అమ్మాయి కాదు. ఆ అమ్మాయి నొక్కింది. తప్పు పట్టీది, అంటించిన నాది."

కింద సంతకం పెట్టాను. మేనేజరు నిలబడే చదివాడు.

"పిడి మాట తీసెయ్యండి" అన్నాడు.

"అబద్ధమా?"

"అబద్ధమని కాదు. అవసరం లేదు."

"ఉంది సార్. పట్టీ ఎంత నెట్టినా, పిడి ఉంటే ఆయన తిప్పుకుని వచ్చేసేవాడు. ఆ మాట కొట్టెయ్యను. పిడి మళ్ళీ పెట్టిస్తే మాత్రం కింద ఇంకో మాట రాస్తాను, ఈ రోజే పెట్టించారని. పైవాళ్ళు రెండూ చదువుకుంటారు."

ఆయన ఆ కాగితం వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. తన గదిలోకి వెళ్ళి ఎవరితోనో ఫోన్‌లో చాలాసేపు మాట్లాడాడు. బయటికి వచ్చి, "పాత పిడి స్టోర్‌లో ఉంది, పెట్టండి" అన్నాడు. ఆ మాట కూడా నాకు ఏదో ఉపకారం చేస్తున్నట్టు అన్నాడు.

పెట్టాను. పలచటి పట్టీ తెప్పించి, గాడి పొడుగునా కాకుండా నాలుక దగ్గర జానెడు వదిలి అంటించాను. తలుపు వేసి, చూపుడు వేలితో అదిమితే కాస్త ఆడాలి. ఆడింది. అమ్మాయిని నొక్కమని లాగాను, లోపలికి వెళ్ళి నొక్కమని తోశాను. తర్వాత కరెంటు పెట్టె స్విచ్ ఆపేసి, లోపల నుంచి పిడి తిప్పుకుని బయటికి వచ్చాను. ఆ పని ఇంకో రెండు సార్లు చేశాను, మేనేజరు చూస్తుండగా. పట్టీ అంటించి, చూడకుండా వెళ్ళిపోయిన ఆ రోజుకు కూడా కలిపి.

నా కాగితం మీద ఆ రెండో మాట రాసి ఇచ్చాను. ఆయన దాన్ని ఫోటో తీసి పైకి పంపాడు. కాసేపటికి ఫోన్ వచ్చింది, సరే సరే అన్నాడు. ఆ అమ్మాయి దగ్గరికి వచ్చి, "రేపు మామూలుగానే వచ్చెయ్" అన్నాడు. తప్పయిందని అనలేదు. నిన్న హాలు మొత్తం వినేలా ఆమెను అన్న మాటలకు, ఈ రోజు పక్కనున్న గుమాస్తాకు కూడా వినబడనంత మెల్లగా ఈ ఒక్క ముక్క. నేను సంచీ సర్దుకుంటూ, "ఇంకేమన్నా అనాలేమో సార్" అన్నాను.

ఆమె సంతకం పెట్టాల్సిన కాగితం బల్ల మీదే ఉంది. ఆయన దాన్ని తీసుకోబోయాడు. ఆమె ముందే తీసుకుని నాలుగు మడతలు పెట్టింది.

"అదెందుకమ్మా ఇంక? ఇటివ్వు, చించేస్తాను" అన్నాడు.

ఆమె దాన్ని అన్నం సంచీలో, డబ్బా కింద పెట్టుకుంది.

"ఉండనివ్వండి సార్" అంది. "మళ్ళీ ఎవరినైనా, తప్పు ఎవరిదో చూడకుండా సంతకం పెట్టమన్నప్పుడు మీకు చూపిస్తా."

నెమ్మదిగానే అంది, ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే. ఆయన తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.